తలుపు తీసిందెవరో నాకూ తెలీదు

నేను ఒక జపాను నవలను. అట్ట మీద అలా రాసుంది కాబట్టి నమ్ముతున్నాను తప్ప, నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అక్కడెవరో మహానుభావుడు ఎప్పుడో నన్ను రాశాడట. ఇంకెవరో ఇంగ్లీషులోకి దింపారట. ఆ ఇంగ్లీషు ముందు పెట్టుకుని, రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఎండాకాలమంతా చెమటలు కక్కుతూ నన్ను తెలుగు చేశాడు. కథ నిండా మంచు కురుస్తూ ఉంటుంది. ఆయనేమో తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ "గజగజ వణికింది" అని రాసేవాడు. చివరికి విజయవాడలో ఒక ప్రెస్సులో అచ్చయ్యాను. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తోచదు.

నా కథ పెద్దదేం కాదు. కాగితపు గొడుగులు చేసేవాడొకడు, వాటిని అమ్ముకురావడానికి పడవెక్కి ఏరు దాటి వెళ్తాడు. తిరిగి రాడు. భార్య రోజూ సాయంత్రం రెండు గిన్నెల్లో అన్నం వడ్డించుకుని కూర్చుంటుంది. మూడొందల పేజీల పాటు ఇదే. ఆఖరి పేజీలో తలుపు జరిగిన చప్పుడవుతుంది. ఆవిడ వెనక్కి తిరగదు. "టీ చల్లారిపోయింది" అంటుంది. అక్కడితో నేనూ అయిపోతాను. ఆ తలుపు తీసిందెవరో నాలో ఎక్కడా లేదు. ఎన్నిసార్లు నన్ను నేను తడుముకున్నానో!

మొదట నన్ను సమీక్ష కోసం ఒక పెద్దమనిషికి పంపారు. ఆయన నన్ను తెరవకుండానే "మానవ సంబంధాల మహాకావ్యం" అని రాసిపారేసి, టేబుల్ ఫ్యాను ఎత్తు చాలక నన్ను దాని కింద పెట్టాడు. ఆ గాలికి నాలుగేళ్ళు నాకు పడిశం పట్టినంత పనైంది. తర్వాత పాత పుస్తకాల బండెక్కి కాకినాడ చేరాను. అక్కడ అడబాల సుభాషిణి గారు నన్ను కొనుక్కున్నారు. ఆవిడ హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు.

ఆవిడ నన్ను చదివి కళ్ళొత్తుకున్నారు. "వచ్చేశాడండీ. ఆవిడ నమ్మకం వమ్ము కాలేదు" అన్నారు భర్తతో.

వీరభద్రం గారు ఓడరేవులో పనిచేసి దిగిపోయిన మనిషి. ఆయనా చదివి నన్ను మంచం మీదకి గిరాటేశారు. "వచ్చేదేంటి, నీ మొహం! పడవ మునిగింది, వాడు పోయాడు. ఆ చప్పుడు గాలికి. దానికి మూడొందల పేజీలా?"

మేడ మీద కొత్తగా అద్దెకి దిగిన ప్రసూన కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ అమ్మాయి నన్ను ఒక్క ఆదివారంలో నమిలేసి కిందకి దిగి, "ఇంత అమాయకులేంటండీ మీరు? అవతలి ఒడ్డున ఇంకో కాపురం పెట్టుంటాడు. తలుపు తీసింది పక్కింటావిడ" అని తేల్చేసింది.

నేను తెల్లబోయాను. ముగ్గురూ చదివింది నన్నే. నాలో ఉన్నవి అవే అక్షరాలు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఇంటికి చేపలు తెచ్చే బంగారమ్మకి చదువు రాదు. పెరటి అరుగు మీద ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తుంటే, సుభాషిణి గారు ముక్కాలిపీట వేసుకుని నన్ను బయటికి చదివేవారు. మొదట్లో బంగారమ్మకి నేనంటే నవ్వులాట. "కాగితంతో గొడుగేటండీ! వానొస్తే ఆడి బుర్రే తడిసిపోద్ది" అనేది. పడవ ఏరు దాటిన రోజు మాత్రం ఆవిడ నవ్వలేదు. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

ఆవిడ భర్త నూకరాజు కార్తీకంలో తుపానుకి ముందు సముద్రం మీద చేపల వేటకెళ్ళాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు. నాలుగేళ్ళయింది. ఇప్పుడు మరిది కూతురికి పెళ్ళి కుదిరింది. ఇంట్లో తేలని మనిషి ఉండగా పందిరి వెయ్యకూడదన్నారు పేటలో పెద్దలు. కర్మ చేసెయ్యాలి. అయితే వాళ్ళ కట్టుబాటు ప్రకారం, శవం దొరకనప్పుడు భార్య పదిమందిలో నిలబడి తన నోటితో "లేడు" అనాలి. ఆ మాటయ్యాకే బొట్టు తుడిచి, గాజులు తీస్తారు. వచ్చే అమావాస్యకి ఆ మాట అనమని ఆవిడకి గడువు పెట్టారు.

కథ ముగింపుకొచ్చేసరికి అమావాస్య దగ్గర పడింది. ఇక్కడ మనవాళ్ళ గుణం ఒకటి చెప్పాలి. కథ వినిపించేవాళ్ళు దాన్ని గాల్లో వదిలెయ్యరు. ఎలాగోలా కంచికి చేర్చి మరీ లేస్తారు. సుభాషిణి గారు నా ఆఖరి పేజీ దగ్గర ఆగి, బంగారమ్మ మొహం చూసి, నన్ను మూసేశారు. "వచ్చాడే బంగారూ. కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు" అన్నారు. నాలో అలాంటి వాక్యమే లేదు! అరుద్దామనుకున్నాను కానీ, పుస్తకానికి నోరెక్కడిది?

మర్నాడు సుభాషిణి గారు గుడికెళ్ళినప్పుడు వీరభద్రం గారు పెరట్లోకి వచ్చారు. ఈ అబద్ధాన్ని పట్టుకుని బంగారమ్మ ఎక్కడ బతుకంతా కూర్చుంటుందోనని ఆయన భయం. "మీ టీచరుగారు నీ మీద జాలికొద్దీ అలా చెప్పింది. ఆ గొడుగులాయన పోయాడమ్మా" అన్నారు మెల్లగా. ఆయన గొంతులో ప్రేమే ఉంది. అదే నన్ను ఇంకా గందరగోళపెట్టింది.

ఆ సాయంత్రం మేడ మెట్ల దగ్గర ప్రసూన కనబడితే, "మీరూ సదివారంట గదండీ" అని బంగారమ్మే అడిగింది. నూకరాజు సంగతి ప్రసూనకి తెలీదు. "ఎక్కడో ఇంకో పెళ్ళాంతో సుఖంగా ఉండుంటాడు లెండి" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

అమావాస్య ముందురోజు బంగారమ్మ గంప కూడా దించకుండా గుమ్మంలో నిలబడింది.

"అమ్మగారండీ, ఒకరు ఒచ్చాడంటారు, ఒకరు పోయాడంటారు, ఒకరు ఇంకోదాన్ని ఉంచుకున్నాడంటారు. పుస్తకం ఒకటే గదండీ? అందులో ఏం రాసుందో అదే సదవండి. మీది ఒక్క మాట కూడా కలపొద్దు."

సుభాషిణి గారు నా ఆఖరి పేజీ తీశారు. ఆవిడ ఉన్నదున్నట్టు చదివారు. తలుపు జరిగిన చప్పుడు. గొడుగులాయన భార్య వెనక్కి తిరగలేదు. టీ చల్లారిపోయింది అంది. అంతే.

"తర్వాత?"

"అంతేనే. అయిపోయింది."

"అంతేనా? ఇంత పుస్తకం రాసినాయనకి, తలుపు తీసిందెవరో రాయడానికి సెయ్యాడలేదా?"

"ఆయన చెప్పలేదే. ఎందుకో మాకూ తెలీదు. మాకు తోచింది మేం చెప్పాం."

బంగారమ్మ నన్ను చేతుల్లోకి తీసుకుంది. అరచేతులు తడిగా ఉన్నాయి, చేపల వాసన. ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం కింద ఉన్న ఖాళీ జాగాని చాలాసేపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడకి కావలసిన ఒక్క మాట నా దగ్గర లేదు. నన్ను అరుగు మీద పెట్టి, గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

అమావాస్య నాడు రాలేదు. ఆ మర్నాడు వచ్చింది. నుదుట బొట్టుంది, చేతుల నిండా గాజులున్నాయి. దంపతులిద్దరూ పెరటి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు.

"'లేడు' అనలేదా?" అన్నారు వీరభద్రం గారు.

"అన్లేదండి."

"మరి ఉన్నాడన్నావా?" అన్నారు సుభాషిణి గారు ఆశగా.

"అదీ అన్లేదండి." గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. "పిల్ల పెళ్ళి సేసుకోండి, నేను పందిట్లోకి రాను, దూరంగా కూకుంటానన్నాను. అది కాదు, ఉన్నాడా లేడా ఏదో ఒకటి సెప్పమని మీద మీదకొచ్చారు. ఆ కథంతా కట్టినాయనే సెప్పకుండా లేచెళ్ళిపోయాడు గదండీ, ఆయన్నెవరైనా కొట్టారా? నాకు తెలిస్తే మొదట నేనే ఏడుద్దును. తెలీదు. తెలీదనే సెప్పి ఇంటికొచ్చేశాను."