పన్ను ఊడిన పనిముట్టు

వీధిలో అందరూ ఆమెను భూతద్దం పిన్ని అంటారు. టంకశాలలో ముప్పై ఏళ్ళు నాణేల తనిఖీ చేసి ఉద్యోగ విరమణ చేసిన మనిషి. ఇంటి ముందుగదిలో బల్ల, దీపం, చిన్న త్రాసు పెట్టుకుని, జనం తెచ్చే వింత నాణేలు చూసిపెడుతుంది. పది తెస్తే తొమ్మిది దెబ్బలు తిన్నవే. "ఇది రైలు కింద నలిగింది నాయనా, టంకశాల తప్పు కాదు" అని నవ్వుతూ పంపించేస్తుంది. టంకశాలలోనే తప్పుగా తయారైన నాణేనికి సేకరించేవాళ్ళు ఎక్కువ ధర ఇస్తారు; అలాంటి పదోదానికి మాత్రం కాగితం మీద సంతకం చేసి ఇస్తుంది. ఆ సంతకం మీద ఎంత గురి అంటే, నాణేన్ని చూడకుండా కాగితాన్ని చూసి కొనేవాళ్ళున్నారు.

ఒక మధ్యాహ్నం కుట్టుపని చేసే ఒకావిడ వచ్చి పిడికిలి విప్పింది. అంచున నెలవంకలా కొరికినట్టున్న నాణెం. దానితోపాటు పిన్ని సంతకం ఉన్న కాగితం.

"మిషను అమ్మేసి కొన్నానమ్మా. రెట్టింపుకి పోతుందన్నారు. ఏ కొట్టుకెళ్ళినా దొంగదంటున్నారు. మీరొక్క మాట చెప్పండి, చాలు."

"ఎంతమాట! నేను చూసిందేగా" అంటూ పిన్ని భూతద్దం అందుకుంది.

రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు, అప్పటికే కోసిన చోటిమీద కోత పడితే ఇలాంటి కొరుకుడు వస్తుంది. అప్పుడు దానికి సరిగ్గా ఎదుటి అంచు పలచబడి మసకగా ఉంటుంది. దీనికీ అలాగే ఉంది. ఆనాడు అది చూసే సంతకం పెట్టింది. రెండో పరీక్ష చెయ్యలేదు.

ఇప్పుడు చేసింది. మంచి నాణెం ఒకటి తీసి ఆ కొరికిన వంపులో పెట్టింది. బిళ్ళలన్నీ ఒకే కొలతతో కోసినవి గనుక అది ఇంచుమించు అతకాలి. అతకలేదు. సందులోంచి దీపం వెలుగు కనబడింది. భూతద్దం పెట్టి చూస్తే వంపు మధ్యలో సన్నని ముల్లు. పన్ను ఊడిన నోటితో ఎవరో కొరికినట్టుంది.

పిన్ని భూతద్దం దించింది. ఆ ముల్లు ఆమెకు తెలుసు. ఆమె భర్త తాళాలు చేసేవాడు. ఆయన దగ్గర రేకుకు బెజ్జాలు కొట్టే ఉక్కు పనిముట్టు ఒకటుండేది. అంచు విరిగిపోవడంతో, కొట్టిన ప్రతి బెజ్జంలోనూ ఆ ముల్లు మిగిలేది. "మా ముసలాడికి పన్ను ఊడింది" అని నవ్వుతూ ఆకురాయితో రాసేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన పని చేసుకున్న గదికి ఆరోజే తాళం పడింది.

అప్పుడే గోడ అవతల, ఆ గదిలో, 'టక్' మంది. కాసేపాగి మళ్ళీ 'టక్'.

"ఎవరమ్మా లోపల?"

"ఎవరూ లేరు" అంది పిన్ని. కొన్ని నెలలుగా మధ్యాహ్నపు కునుకులో ఆ చప్పుడు వింటూనే ఉంది. పోయిన మనిషి తనకోసం వచ్చి పని చేసుకుంటున్నాడని మురిసిపోయింది. ఆ సంతోషం ఎక్కడ కరిగిపోతుందోనని లేచి చూడలేదు, ఎవరితోనూ చెప్పలేదు.

గది తాళానికి పట్టిన సాలెగూడు చెదరలేదు. లోపల మాత్రం చప్పుడు ఆగలేదు. తాళం తీసి తలుపు తోసింది. ఆయన కుర్చీలో, ఆయన తోలు ఏప్రాన్ కట్టుకుని, వంగిన వీపొకటి. పిన్ని ఆయన్ని పిలవబోయింది.

వీపు తిరిగింది. ఆమె తమ్ముడు. వెనక సందులోకి తెరుచుకునే తలుపు బార్లా తీసి ఉంది.

తను పనిచేసే మిల్లు మూతపడ్డాక అక్క పంచన చేరినవాడు. "నిజమైన కొరుకుడు ఎలా తెలుస్తుందక్కా?" అని అడిగితే, ఎదుటి అంచు సంగతి మురిపెంగా నేర్పింది ఆమే; వాడు ఆ అంచునూ ఆకురాయితో రాశాడు. స్నేహితులకు దొరికాయని ఒక్కొక్క నాణెమే తెచ్చి సంతకం చేయించుకున్నదీ వీడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

"నేనెవరి గొంతూ కొయ్యలేదక్కా. వింత నాణేలకు లక్షలొస్తాయన్న వీడియోలు చూసి వాళ్ళే ఎగబడుతున్నారు. ఆశపడ్డవాళ్ళదే తప్పు."

గుమ్మం దగ్గర నిలబడ్డ కుట్టుపని ఆవిడ మెల్లగా అంది: "ఆశపడ్డాను, తప్పే బాబూ. కానీ నేను కొన్నది నీ నాణేన్ని చూసి కాదు, మీ అక్క సంతకాన్ని చూసి."

తమ్ముడు తోలు ఏప్రాన్ విప్పి పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం అతను ఆవిడ అమ్మిన కుట్టుమిషనును తిరిగి కొని, నెత్తిన పెట్టుకుని, వీధి వీధంతా చూస్తుండగా ఆవిడ ఇంటికి మోసుకెళ్ళాడు. పిన్ని పక్కనే నడిచింది. తిరిగొచ్చి గుమ్మానికి కాగితం అంటించింది: "కొరికిన నాణేల మీద నేను పెట్టిన సంతకాలు చెల్లవు. పొరపాటు నాది. కొన్నవాళ్ళు రండి."

మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల ఏ చప్పుడూ లేదు. పిన్ని చెవులు రిక్కించి చాలాసేపు కూర్చుని, చివరికి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మనిషి ఆమెకు రెండోసారి పోయాడు.

కళ్ళు తుడుచుకునేసరికి గుమ్మంలో ఎవరో నాణెం పట్టుకుని నిలబడి ఉన్నారు. సంతకం కావాలట. పిన్ని భూతద్దాన్నీ మంచి నాణేన్నీ వాళ్ళ వైపే జరిపింది.

"నా సంతకం తర్వాత. ముందు మీరు చూడండి. మనకు ఇష్టమైనదే మనకు నిజంలా కనిపిస్తుంది, వినిపిస్తుంది. అందుకే ఏదైనా రెండోసారి చూడాలి."