ఒంటి తుమ్ము

మా గైడు కరియుకికి జలుబు చేసింది. మౌంట్ కెన్యాలో నెలియన్ అనే శిఖరం నేను ఎక్కలేకపోయింది ఆ జలుబు వల్ల కాదు. నా బావమరిది జయకృష్ణ వల్ల.

నెలియన్‌కి నడకదారి లేదు. నిలువు రాయి. గైడు ముందు ఎక్కి, పైన తాడు బిగించి, మమ్మల్ని ఒక్కో అంచు మీదికి రప్పించుకుంటాడు. మధ్యాహ్నం మబ్బు కమ్మేలోపు పైకి చేరాలి. నా భార్య రాజ్యలక్ష్మి పోయాక, ఈ ఒక్క కొండ కోసం కొండపల్లి రాళ్ల మీద ఎక్కడం నేర్చుకున్నాను. మోకాలు ఇంకో కొండకు పనికిరాదని విజయవాడ డాక్టరు తేల్చేశాడు. జయకృష్ణకు ఉయ్యూరులో ఎరువుల కొట్టుంది. నాతోపాటే నేర్చుకున్నాడు, బాగానే ఎక్కుతాడు. నన్ను ఒంటరిగా పంపితే అక్క ఆత్మ ఊరుకోదని వెంటపడి వచ్చాడు.

మొదటి అంచు దగ్గర, మమ్మల్ని రమ్మని పిలుస్తూ పైనుంచి కరియుకి తుమ్మాడు. ఒక్కటే తుమ్ము. రాతి మీద చెయ్యి వేయబోయిన జయకృష్ణ ఆగిపోయాడు. కూర్చుని, చేతి తొడుగులు తీసి, సంచి విప్పి, సీసా ఎత్తి నీళ్లు తాగాడు. మళ్లీ అన్నీ సర్దుకుని లేచాడు. ఆ పై అంచు దగ్గరా అంతే. ఆ తర్వాత చోట నీళ్లు తాగాక కూడా లేవలేదు. రెండో తుమ్ము వస్తే దోషం పోతుందట. దానికోసం చూస్తున్నాడు.

"అతనికి జలుబయ్యా. అది శకునం కాదు, చీమిడి" అన్నాను.

"జలుబుకి వేరే తుమ్ము, శకునానికి వేరే తుమ్ము ఉంటాయా బావగారూ?"

ఎందుకింత ఆలస్యమని కరియుకి పైనుంచి కేకేశాడు. తుమ్ము సంగతి పరాయి దేశంవాడికి చెప్పడానికి జయకృష్ణకు సిగ్గేసింది. చిన్న బ్రీదింగ్ ప్రాబ్లమ్ అని ఇంగ్లీషులో అరిచాడు.

దాంతో అయిపోయింది. కరియుకి తాడు మీద మా దగ్గరికి దిగి వచ్చి, జయకృష్ణ గోళ్లు, కళ్లు చూశాడు. ఇంత ఎత్తున ఊపిరాడకపోతే దిగడం ఒక్కటే మందన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో నిజం చెప్పాను. మావాళ్లకు ఒంటి తుమ్ము చెడ్డదనీ, ఇతనికి ఏ జబ్బూ లేదనీ. కరియుకి నన్ను జాలిగా చూశాడు. పైకి వెళ్లాలనే పిచ్చిలో తోటివాడి జబ్బు దాచేవాళ్లను చాలామందిని చూశాడట. ఇలాంటి కథ మాత్రం ఎవరూ చెప్పలేదట. అతన్ని ఇక్కడే కూర్చోబెట్టి నన్నొక్కణ్ణే తీసుకెళ్లమన్నాను. కలిసి ఎక్కినవాళ్లు కలిసే దిగాలన్నాడు. చివరికి జయకృష్ణ చేతే తుమ్ము సంగతి చెప్పించాను. రోగులంతా బాగానే ఉన్నామంటారని, కరియుకి దిగే తాడు కట్టడం మొదలుపెట్టాడు.

పైన ఆకాశం నీలంగా ఉంది.

"అక్క ఆగమంటే ఆగేవాళ్లు కదండీ" అని గొణిగాడు జయకృష్ణ. "గుమ్మంలో కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు కదిలేవాళ్లు. ఒక్కసారి కూడా కాదనలేదు."

"మీ అక్క కోసం కూర్చున్నాను. నీకోసం కూర్చోను."

తాడు మీద జారుకుంటూ దిగాం. మంచు దాటి బస చేరాక కూడా మబ్బు రాలేదు. శిఖరం ఎండలో నిలబడి ఉంది. దాని మీద వేరే జట్టువాళ్లు చుక్కల్లా కదులుతున్నారు. కరియుకి టీ కాచి ఇచ్చి, జయకృష్ణ నాడి చూసి, సమయానికి దింపానని సంతోషపడ్డాడు.

జయకృష్ణ తన ఫోను నా చేతిలో పెట్టాడు. ఉయ్యూరులో చూపించుకోవాలట, వెనక శిఖరం పడేలా ఒక్క ఫోటో తీయమన్నాడు. జుట్టు సర్దుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

తీశాను. శిఖరం పడకుండా తీశాను.