ఒట్టు పెట్టని దీనమ్మ

ఆ ఎండాకాలం ఆదినారాయణరెడ్డికి కంటి మీద కునుకు లేకుండా చేసింది ఒక రాయి. మనిషి మోకాలి ఎత్తు కూడా ఉండని గెట్టు రాయి. తొండూరు దగ్గర వాళ్ల ఊళ్లో అతని చేనికీ, పడమటి పక్కనున్న ఓబుళరెడ్డి చేనికీ మధ్య ఏండ్ల తరబడి కదలక మెదలక నిలబడ్డ ఆ రాయి, ఉగాది పోయిన వారానికి ఉన్నట్టుండి తూర్పుకు నడిచొచ్చింది. రాళ్లకు కాళ్లుండవు కాబట్టి ఎవరో నడిపించి ఉండాలి. ఎవరు నడిపించారో ఊళ్లో అందరికీ తెలుసు. మేం చూశామని చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు పెగల్లేదు.

పోయింది ఉత్త నేలే అయితే ఆదినారాయణ పళ్లు కొరుక్కుని ఊరుకునేవాడేమో. కానీ రాయి జరిగిన ఆ మేరలో అతని మోట బావి ఉంది. తండ్రి తవ్వించిన బావి. ఆ నీళ్ల కింద పారే మడి వల్లే ఇంటిల్లిపాదీ అన్నం తింటున్నారు. మిగతా చేను వానను నమ్ముకున్నది, వాన మన సీమను ఎంత గుర్తుపెట్టుకుంటుందో చెప్పక్కర్లేదు. బావి పోతే ఆదినారాయణ ఎద్దుల్ని అమ్ముకుని ఇంకొకరి చేలో కూలికి పోవాల్సిందే.

కోర్టుకు పోదామా అంటే, ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేండ్లయినా, రాజధాని కర్నూలుకు వచ్చినా, గెట్టు దావా మాత్రం వెనకటి లాగే నత్తనడక నడుస్తోంది. కొడవళ్లకు పోదామా అంటే ఓబుళరెడ్డి వెనక అన్నదమ్ములు బారులు తీరి ఉన్నారు, తాను ఏకాకి. అందుకని పెద్దమనిషి తీర్పుకు ఒప్పుకున్నారు. ఆ పెద్దమనిషి ప్రొద్దుటూరులో పత్తి వ్యాపారం చేసే అబ్దుల్ సత్తార్ సాయిబు. ఇద్దరి పత్తీ ఆయనే కొంటాడు, ఇద్దరికీ ఆయన మీద గురి ఉంది.

పెద్దమనిషి తీర్పుకు ఒక కట్టుబాటు ఉండేది. సాక్షి ప్రమాణం చేసి చెప్పాలి. హిందువులైతే గుడి ముందర కర్పూరం ఆర్పాలి, తురకలైతే దర్గాలో చెప్పాలి, కిరస్తానీలైతే బైబిలు మీద చెయ్యి వేయాలి. ప్రమాణం చేసి చెప్పిన మాటకు ఇద్దరూ తలొగ్గాలి, చేయకుండా చెప్పిన మాటను గాలికి వదిలేయొచ్చు. మనిషి కంటే కర్పూరం బిళ్లను ఎక్కువ నమ్మే రోజులవి. ఇప్పుడేమైనా మారామా అంటే నేను జవాబు చెప్పను.

ఆదినారాయణకు సాక్షి దొరకనే దొరికింది. ఊరవతల పల్లెలో ఉండే దీనమ్మ. ఆమె మొగుడు ఆశీర్వాదం ఊరి మోటలన్నిటికీ నీళ్లు తోడే తోలు బానలు కుట్టేవాడు. ఆమె పెళ్లై వచ్చిన ఏడు నుంచీ ఆదినారాయణ వాళ్ల చేలో కూలి చేస్తోంది. తెల్లవారుజామున కట్టెలకు పోతూ ఓబుళరెడ్డి మనుషులు రాయి పెరకడం కళ్లారా చూసింది. ఆదినారాయణ పెండ్లాం నాగమ్మ చూసినావా అని అడిగితే, చూసినానని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

దీనమ్మ మాట మీద ఆదినారాయణకు అనుమానమే లేదు. పత్తి తీతలో సాయంకాలం ఆడకూలీలను వరసగా నిలబెట్టి కొంగులు దులిపించడం ఆ పక్క రివాజు, ఒడిలో దూదిపింజలు దాచుకుని పోతారని. అందరూ గొణుక్కుంటూ దులిపేవాళ్లు. దీనమ్మ ఒక్కతే, ఎవరూ అడక్కముందే ముందుకొచ్చి కొంగు విప్పి దులిపేది. మునుపెప్పుడో జబ్బుచేసి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో చాన్నాళ్లు పడుకున్నప్పుడు అక్కడి నర్సమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంది. వచ్చేటప్పుడు వాళ్లిచ్చిన బైబిలును ఉతికిన గుడ్డలో చుట్టి గోడ గూట్లో పెట్టుకుంది. రోజూ పొద్దుగూకే ముందు చేతులు కడుక్కుని, గుడ్డ విప్పి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. చదివినంత మేరకు బతకాలనేది ఆమె పట్టుదల. అర్థం కానిది చాలా ఉండేది, అర్థమైన దానిలో మాత్రం బేరం లేదు.

ఆదినారాయణ ఆమె ఇంటి ముందుకు పోయి, సాయిబు వచ్చే రోజు బైబిలు పట్టుకుని చేనికి రమ్మన్నాడు. దీనమ్మ చేతిలో పని ఆపింది.

"చూసింది చూసినట్టు చెప్తా రెడ్డీ. ఒట్టు మాత్రం పెట్టను."

"ఏం, ఆ పుస్తకం మీద నీకు నమ్మకం లేదా?"

"ఉండబట్టే పెట్టను. అసలు ఒట్టే పెట్టుకోవద్దని ఏసయ్య చెప్పినాడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతవరకే మాట. ఆ సంగతి రాసుండేది దాంట్లోనే. దాని మీదనే చెయ్యి పెట్టి, దాంట్లో మాట తప్పమంటే ఎట్ల?"

ఆదినారాయణ బతిమాలాడు, కోప్పడ్డాడు, తన ఎద్దుల గతీ పిల్లల గతీ చెప్పుకున్నాడు. అంతా విని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ మెత్తబడలేదు. చివరికి అతని మొహంలోకి చూసి నెమ్మదిగా ఇంకో మాట అంది.

"నన్ను పిలిపించొద్దు నాయనా. నేను నోరు తెరిస్తే సగం చెప్పి ఊరుకోలేను."

ఓబుళరెడ్డికి భయపడుతోందనుకున్నాడు ఆదినారాయణ. మరుసటి రోజే బండి కట్టుకుని జమ్మలమడుగు పోయి, అక్కడి కిరస్తానీ గుడి అయ్యగారితో మొరపెట్టుకున్నాడు. ఆయన ఓపికగా విన్నాడు. కోర్టులో మావాళ్లు బైబిలు పట్టుకుని సాక్ష్యం చెప్తూనే ఉంటారు, దాన్ని నేను తప్పనను అన్నాడు. అయితే ఒక మనిషి లేఖనానికి లోబడి నిలబడి ఉంటే పక్కకు జరగమని చెప్పడం మాత్రం నా వల్ల కాదు అని చేతులు జోడించాడు. ఆదినారాయణ వచ్చిన దారినే తిరిగొచ్చాడు.

ఆ మంటలో దీనమ్మను చేనికి రావద్దన్నాడు. ఆశీర్వాదానికి ఇవ్వాల్సిన బాన పని పక్క ఊరి వాడికిచ్చాడు. ఆమె సరే నాయనా అని, తెల్లారి తొండూరు దాకా నడిచిపోయి కూలి చేసుకుంది. సొంత పల్లెవాళ్లే ఆమెను ఆడిపోసుకున్నారు. నిజం చెప్పేదానికి ఒట్టు పెడితే ఏం అరిగిపోతావే అన్నారు. ఓబుళరెడ్డికి మాత్రం పండగైంది. సంతోషం పట్టలేక ఒక మూట జొన్నలు పంపాడు. దీనమ్మ ఆ మూటను అట్లాగే తిప్పి పంపింది. నేను ఒట్టు పెట్టనిది మీ కోసం కాదు, అడిగితే మీరు చేసింది చెప్పే తీరుతా అని కబురు కూడా పంపింది. నోటి దాకా వచ్చిన గింజల్ని అట్లా వెనక్కి పంపాలంటే గుండె గట్టిదై ఉండాలి. ఆ వారం వాళ్లింట్లో పొయ్యి వెలిగింది రోజుకు ఒక్క పూటే.

సత్తార్ సాయిబు వచ్చిన రోజు ఊరంతా చేలోనే ఉంది. బావి పక్క వేపచెట్టు కింద ఆయనకు మంచం వేశారు. వేరే సాక్షి లేక ఆదినారాయణ పిలిపిస్తే వచ్చిన దీనమ్మ దూరంగా ఎండలో నిలబడింది. ఆమె జాతివాళ్లు నీడకు వచ్చే కాలం కాదది. సాయిబే ఆమెను ముందుకు రమ్మని పిలిచాడు.

ఒట్టు పెట్టించండి అన్నాడు ఓబుళరెడ్డి, మీసం చాటున నవ్వుతూ. దీనమ్మ పెట్టనంది. జనం గొల్లున నవ్వారు. ఆదినారాయణ తల దించుకున్నాడు.

సాయిబు నవ్వలేదు. ఆయనది కూడా గ్రంథం ముందు ఒళ్లు దగ్గర పెట్టుకునే ఇల్లు. ఎందుకమ్మా అని అడిగాడు.

"ఈడ ఒట్టు పెట్టి నిజం చెప్తే, ఒట్టు లేని చోట అబద్ధమాడినా పర్వాలేదనేగదా సామీ. మా దేవునికి ఈ చేనొకటి, ఇంకో చేనొకటి కాదు. నేను యాడ మాట్లాడినా ఆయన వింటాండాడు."

నవ్వులు ఆగిపోయాయి. సాయిబు సరే చెప్పు, విందాం అన్నాడు. దీనమ్మ చెప్పింది. ఏ పూట, ఏ చోట, ఎవరెవరు గడ్డపారలు పట్టారు, రాయిని ఎట్లా దొర్లించారు, అంతా పూస గుచ్చినట్టు చెప్పింది. ఓబుళరెడ్డి మొహం మాడిపోయింది. ఆదినారాయణకు ఎన్నాళ్లకో ఛాతీ నిండా ఊపిరి ఆడింది. ఒట్టు లేకపోతేనేం, వింటున్న వాళ్లెవరికీ అది అబద్ధంలా లేదు.

అంతటితో సాయిబు ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. "అయితే బావికి పడమటి పక్క, రాయి మునుపున్న చోటే అసలు గెట్టు అంటావా?" అని ఆయన అడిగాడు.

దీనమ్మ ఆదినారాయణ వైపు చూసింది. పిలిపించొద్దు నాయనా అన్న రోజు చూసిన చూపే అది. అప్పుడు అర్థం కాని ఆ చూపు అతనికి ఇప్పుడు అర్థం కాసాగింది.

"కాదు సామీ," అంది దీనమ్మ. "నేను కాపురానికొచ్చిన ఏడు పెద్దరెడ్డి ఈ బావి తవ్వించె. మన్ను మోసిన కూలోళ్లలో నేనుండా. అప్పుడు రాయి బావికి తూర్పున, అదిగో ఆ నల్లగుండు బండ పక్కన ఉణ్ణింది. నీళ్లు పడినాక పెద్దరెడ్డే దాన్ని పెరికిచ్చి పడమటికి జరిపిచ్చినాడు. ఓబుళరెడ్డోళ్ల నాయన అప్పుడు బళ్లారి పక్క వలస పోయుండె. ఇప్పుడు ఈయప్ప మనుషులు పాతింది నల్లగుండు కూడా దాటి అవతల. నిజమైన గెట్టు నల్లగుండే."

ఆదినారాయణ బావి వైపు చూశాడు. బావి తనది కాదు. ధర్మాత్ముడని రోజూ దండం పెట్టుకునే తండ్రి రాయి జరిపిన మనిషి. తాను పనిలోంచి తీసేసిన మనిషి తన మీద కక్ష తీర్చుకుంటోందా అని ఒక్క క్షణం అనిపించింది. ఆమె చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. అది కక్ష కాదని అతనికి తెలిసిపోయింది.

సాయిబు ఇద్దరి వైపూ తిరిగి, ఈమె ఒట్టు పెట్టలేదు, కట్టుబాటు ప్రకారం ఈ మాట మీ ఇద్దరినీ కట్టేయదు, ఒప్పుకుంటారో లేదో మీ నోటితో చెప్పండి అన్నాడు.

ఓబుళరెడ్డి ఎగబడ్డాడు. "ఆయమ్మ రెండోసారి చెప్పింది నిజం. మొదట చెప్పింది అబద్ధం."

జనం మళ్లీ పడీపడీ నవ్వారు. ఆదినారాయణ నోరు తెరిచాడు. మొదట చెప్పింది నిజం, రెండోది అబద్ధం. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. అన్నా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు, బావి నిలబడేది. కానీ ఓబుళరెడ్డి అన్న మాటే తన నోట్లోనూ ఉందని అప్పుడే తెలిసింది. తిరగేసి ఉంది, అంతే తేడా. ఆ రాయి జరిపినవాడికీ తనకూ మధ్య ఏ గెట్టూ లేదు. ఎదురుగా ఒక ఆడమనిషి ఉంది. తిండి పోయినా, పని పోయినా, ఎవరికీ అనుకూలంగా ఒక్క మాట తగ్గించనిది, పెంచనిది. ఆమె ముందు ఆ మాట అనడానికి అతనికి సిగ్గేసింది.

"రెండూ నిజమే సాయిబూ," అన్నాడు ఆదినారాయణ. "మా నాయన జరిపిందీ నిజమే, ఈయన జరిపిందీ నిజమే. రాయిని నల్లగుండు కాడ పాతండి. దీనమ్మ చెప్పినాక ఒట్టెందుకు?"

సాయిబు మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఓబుళరెడ్డి ఇంకేం మాట్లాడగలడు? బావినే వదులుకున్న మనిషి ముందు బెత్తెడు నేల కోసం పెనుగులాడితే ఊళ్లో తలెత్తుకోలేడు. రాయి నల్లగుండు పక్కకు పోయింది. నేల ఓబుళరెడ్డిదైనా బావి ఆదినారాయణ తండ్రి చెమట గనక, ఇద్దరూ వంతులేసుకుని తోడుకోవాలని సాయిబు తీర్పు చెప్పాడు. మడి సగమైంది. ఎద్దులు మాత్రం దక్కాయి.

జనం పోయాక ఆదినారాయణ ఆమెను ఒక్కటే అడిగాడు, ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదని. "నన్నెవరూ అడగలే నాయనా," అంది. "అడిగితే చెప్పాల్సొస్తాదే అని నీ ఉప్పు తిన్న ప్రతి రోజూ భయపడ్న్యా. అడగొద్దని దేవునికి మొక్కుకున్న్యా." ఆ సాయంకాలమే అతను తానే పల్లెకు పోయి, బాన తోలు ఆశీర్వాదం ముందు పెట్టి, రేపటి నుంచి ఇద్దరూ పనికి రావాలని చెప్పి వచ్చాడు.

మరుసటి ఏడు పత్తి బాగా పండింది. తీత మొదటి సాయంకాలం ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఎప్పటిలాగే దీనమ్మ ముందుకొచ్చి కొంగు విప్పబోయింది. నువ్వు దులపాల్సిన పనిలే అన్నాడు ఆదినారాయణ, చెయ్యి అడ్డం పెట్టి.

"నువ్వు నమ్మినావని మానేస్తే, ఇన్నాళ్లూ నీ కోసం దులిపినట్టవుతుంది నాయనా," అంది దీనమ్మ. అని కొంగు నిండా విప్పి దులిపింది.

ఆదినారాయణ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఆమె కొంగు సర్దుకునేదాకా అట్లాగే నిలబడ్డాడు. వరసలో ఉన్న ఆడవాళ్లంతా చూశారు. అతను దాచుకోవాలనుకోలేదు.