పేరు పోయిన వాన

మా ఆయనకు మౌసంటే చిన్నచూపు. చెయ్యి కీబోర్డు మీద నుంచి లేస్తే పరువు పోతుందనుకునే రకం. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, ఏళ్ల తరబడి రాసుకున్న షార్ట్‌కట్లు, అదీ ఆయన సంసారం. మిగతా సంసారం నేను చూసుకుంటాను. వారానికో కొత్త పనిముట్టు నేర్చుకుని వచ్చి నాకు చెబుతారు. సగం అర్థం కాకపోయినా వింటాను, ఆ ఉత్సాహం చూడ్డం నాకిష్టం.

నాది సినిమాలకు శబ్దాలు పట్టే పని. వాన, తలుపు కిర్రుమనడం, మెట్ల మీద చెప్పులు. ఏడాదిగా పట్టినవన్నీ ఓ పాత హార్డ్‌డిస్కులో ఉన్నాయి, సోమవారానికి దర్శకుడికి అందాలి. డిస్కు నిండిపోయిందని గొణిగానో లేదో, శుభ్రం చేసిపెడతానని మా ఆయన నా కంప్యూటర్ ముందు చేరారు. కళ్లు మూసి తెరిచేలోగా నా ఏడాది పని మాయమైంది.

ముందు ఫైళ్లు తీసేసి, తర్వాత కావాలంటే చెత్తబుట్టలో వెతుక్కోవడం ఆయన పద్ధతి. ఏది తీసేసినా చెత్తబుట్టలోకి చేరేలా తన కంప్యూటర్‌లో ఎప్పుడో మార్చి పెట్టుకున్నారట. నా కంప్యూటర్‌కు ఆ బుట్ట సంగతి తెలియదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"డిస్కుని ముట్టుకోకు," అన్నారు మెల్లగా. "పోయింది పేర్లే. వాటి మీద వేరేది రాసేదాకా లోపలి సరుకు అక్కడే ఉంటుంది."

"మరి దొరుకుతుందా?"

"తెలీదు. ఎప్పుడూ వెతకలేదు. నేర్చుకోవాలి."

ఆయన నోట తెలీదన్న మాట నాకు కొత్త. కోపం పోలేదు గానీ, కుర్చీ పక్కకు లాక్కున్నాను. శబ్దాల ఫైలు ఏ గుర్తుతో మొదలవుతుందో, ఆ గుర్తు పట్టుకుని డిస్కంతా ఎలా గాలించాలో ఇద్దరం కలిసి చదివాం. పేరు లేకుండా పోల్చుకోవడం ఎలాగని అడిగితే, దగ్గు వినగానే గుమ్మంలో ఎవరో నువ్వు చెప్పవూ అన్నారు.

సాయంత్రానికి ఫైళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి, అన్నీ పేర్లు లేనివే. ఇక ఆయన షార్ట్‌కట్లు పనికిరాలేదు. నేను విని చెబుతుంటే ఆయన పేర్లు పెట్టారు. రేకుల మీద వాన, అద్దం మీద వాన, గొడుగు మీద వాన. గండం గడిచింది.

చివర్లో నేను పోల్చుకోలేని వాన ఒకటి తగిలింది. మధ్యలో మా అత్తగారి గొంతు వినిపించింది.

"ఎంతసేపమ్మాయ్ ఆ వానలో? భోజనం చల్లారిపోతోంది."

మాటలు పడి పాడైందని ఆ రికార్డింగును ఎప్పుడో, పట్టిన రోజే నేను తీసేశాను. ఆ తర్వాతి వానాకాలానికి ఆవిడ లేరు. ఆవిడ గొంతు ఇంట్లో ఇంకెక్కడా లేదు. నాకు దుఃఖం ఆగలేదు.

ఆయన వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. పేరేం పెట్టమంటావని అడిగారు.

"నేను పెడతాను," అన్నాను. "దీన్ని ఎవరూ తీసెయ్యకుండా ఎలా దాచాలో నేర్పండి."

ఆయన లేచి తన కుర్చీ నాకిచ్చారు.