గోదురుకప్పల పాస్‌పోర్టు ఫోటోలు

మా అమ్మాయి ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది. స్టూడియో వెనక గుంటలో గోదురుకప్పలు ఉండేవి, నుదుట గోరంత పసుపు మచ్చ ఉన్న రకం. ఇంకెక్కడా మిగల్లేదట. గుంట పూడ్చి బళ్ళు నిలిపే చోటు చేస్తారని తెలిసినప్పటి నుంచి అమ్మాయి సరిగా తిండి తినలేదు. వాటిని ఫోటోలు తీసి జనానికి చూపిస్తానంది.

"ముట్టుకుంటే పొక్కులొస్తాయే. కళ్ళు పోతాయే!"

"చేతులు కడుక్కుంటాగా అమ్మా. నువ్వా లైటు పట్టుకో."

పట్టుకున్నాను, రెండో చేతిలో సబ్బునీళ్ళ మగ్గుతో. కప్పను తెల్లగుడ్డ మీద కూర్చోబెట్టి, మనుషులకు చెప్పినట్టే చెప్పింది: "కదలకు. ఇటు చూడు. రెండు చెవులూ కనబడాలి."

"దానికి చెవులెక్కడివే?"

"కంటి వెనక గుండ్రటి బిళ్ళ ఉందే, అదే."

ఇన్నేళ్ళుగా కప్పను చూసి ఎగిరి గంతేసినదాన్నే గాని, దాని చెవి ఎన్నడూ చూడలేదు.

స్టూడియో ముందు అద్దాల్లో పసిపిల్లల ఫోటోలు తీసేసి కప్పల ఫోటోలు పెడితే ఓనరు గొణిగాడు. అమ్మాయి ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. కాని జనం గుమిగూడారు.

"అచ్చం మీ బావే!"

"మా బావకు ఈమాత్రం మెడ కూడా లేదు."

నవ్వినవాళ్ళే కాసేపటికి నవ్వాపి చూశారు. "ఎంత దిగులుగా చూస్తోందో, పాపం," అన్నాడొక ముసలాయన. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుంట పనులు చూసే అధికారి కూడా కబురంపాడు: వచ్చి చూస్తాను, కప్పలున్నాయని తేలితే పూడ్చడం ఆపిస్తాను అని.

జాలి పుట్టింది సరే, పుట్టీ పుట్టగానే దానికి కాళ్ళొచ్చాయి. ఎదురు కొట్టు టైలరమ్మ సీసా పట్టుకుని గుంటలో దిగింది. "ఆ మురికిలో ఎందుకు, పాపం. మా పిల్లలు పెంచుకుంటారు." ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక డబ్బాలు, బకెట్లు.

"బయట బతకవు పిన్నీ!" అని అమ్మాయి అడ్డం నిలబడింది.

"ప్రేమగా చూడమన్నదీ నువ్వే, వద్దంటున్నదీ నువ్వే! మేమేం కోసుకు తింటామా?"

తోపులాటలో అమ్మాయి ఎక్కడ పడిపోతుందోనని రెక్క పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను. నా భయమంతా దాని మీదే. ఛీ అన్నన్నాళ్ళూ ఎవరూ తాకని కప్పల్ని, ముద్దొచ్చాక ఒక్కటి మిగల్చలేదు.

అధికారి వచ్చి కర్రతో నీళ్ళు కెలికాడు. "ఏవమ్మా కప్పలు?"

"జనం పట్టుకుపోయారండీ."

"అయితే ఇళ్ళల్లో క్షేమంగా ఉన్నట్టేగా. ఇంక గొడవేముంది?"

మర్నాడే కంకర లారీ వచ్చింది.

కంకర దించుతుండగా టైలరమ్మ సీసాతో స్టూడియోకి వచ్చింది. "ఫోటోలో కళ్ళు తళతళలాడాయి గాని, మా ఇంట్లో అలా లేవే తల్లీ. తిండీ ముట్టట్లేదు. నువ్వే ఉంచుకో."

మిగతావాళ్ళ ఇళ్ళల్లోవి అప్పటికే చచ్చిపోయాయి. అమ్మాయి కప్పను అరచేతిలోకి తీసుకుని నావైపు తిరిగింది.

"ఎక్కడ వదలనమ్మా?"

రాని కీడులన్నీ ముందే చెప్పే నేను సబ్బునీళ్ళ మగ్గు కోసం వెతికాను. బయట కంకర జారుతున్న చప్పుడు.

టైలరమ్మ గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఆ సీసా ఇటివ్వు తల్లీ. గుండీలు పోసుకోవాలి."