చెరువు మీద వల

పొద్దున్నే పళ్లు తోముకుంటూ పెరట్లో పిట్టని చూడందే పాపారావుకి కాఫీ దిగదు. కాట్రేనికోనలో గల్ఫుకి మనిషిని పంపిన ఏ ఇంట్లోనైనా అంతే. వెళ్లినవాళ్ల పిట్ట పెరట్లో వాలుతుంది. అక్కడ వాళ్లకి జ్వరమొస్తే ఇక్కడ పిట్ట ముడుచుకుని కూర్చుంటుంది.

కువైట్‌లో వంటపని చేసే భార్య ప్రసన్నకుమారిది తేనెపిట్ట. ఆవిడలాగే క్షణం కుదురుండదు. వచ్చే నెల ఆమె ఇంటికి రావాలి. కానీ పెరటి వెనకే అప్పు చేసి కొత్తగా రొయ్యల చెరువు తవ్వించాడు కదా, ఇంకో రెండేళ్లు ఉండమన్నాడు పాపారావు. ఆమె సరేనంది. ఆ రోజు నుంచీ పిట్ట పాడటం మానేసింది. పిట్టతో వాదించడం ఎవరివల్ల అవుతుంది? చూడనట్టు ఊరుకున్నాడు.

ఇవాళ అరటిపువ్వు మీద పిట్ట లేదు. మందార కొమ్మల్లోనూ లేదు. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఆమె ఎత్తడం లేదు.

పక్కింటి సుందరమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏం పాపారావూ, అలా ఉన్నావేం?"

"ప్రసన్న పిట్ట కనపట్టం లేదు పిన్నిగారూ."

ఆవిడ మొహం పాలిపోయింది. "చెరువు మీద ఆ వల ఎప్పుడు కట్టేవు?"

"నిన్న సాయంత్రమండీ. కొంగలు రొయ్యపిల్లల్ని బతకనివ్వట్లేదని..."

మాట పూర్తికాకుండానే పాపారావు పరుగెత్తాడు. చెరువు నడుమ, వలలో తలకిందులుగా వేలాడుతోంది తేనెపిట్ట. ఫోన్ గట్టు మీద పడేసి, ఛాతీ లోతు నీళ్లలో దిగి దాన్ని పట్టుకున్నాడు. దారం మెడకి చుట్టుకుంది.

"లాగకు, బిగుసుకుంటుంది. కొరికెయ్," వెనకే వచ్చి గట్టు మీంచి అంది సుందరమ్మ.

పళ్లతో ఒక్కో పోగూ కొరికాడు. నా చేత్తో నేనే కట్టాను కదా అని ఏడుపొచ్చింది. పిట్ట కదల్లేదు. గుప్పిట్లో పెట్టుకుని ఊదాడు, మళ్లీ ఊదాడు. వేళ్ల మధ్య ఏదో చిన్నగా కొట్టుకుంది.

గట్టు మీద ఫోన్ మోగింది. సుందరమ్మ స్పీకర్ పెట్టి, చెయ్యి చాపి పట్టుకుంది.

"ఏవండీ, ఫోను వంటింట్లో వదిలేసి వెళ్లి లిఫ్టులో ఇరుక్కుపోయేనండీ. కరెంటు లేదు, గాలాడలేదు. ఇంక అయిపోయేననుకున్నాను. ఇప్పుడే తలుపు తీసేరు."

పాపారావు గుప్పిట నీళ్లకి పైగా ఎత్తి పట్టుకుని గట్టు వైపు నడిచాడు.

"ఆ రెండేళ్లూ వద్దులే ప్రసన్నా. వచ్చెయ్."

"మరి చెరువో?"

గుప్పిట తెరిచాడు. పిట్ట తడబడుతూ ఎగిరి అరటిపువ్వు మీద వాలింది.

"చెరువు సంగతి నేను చూసుకుంటాను."

సాయంత్రానికి వల విప్పి చుట్టేశాడు. కొంగలు ఒక్కొక్కటే వచ్చి నీళ్లలో దిగాయి. అరటి చెట్టు మీంచి పాట వినబడుతుంటే, పాపారావు గట్టున కూర్చుని వాటిని అదిలించకుండా చూస్తూ ఉన్నాడు.