బాబాయి కోడ్‌తో వేరు కాపురం

ఆ అమ్మాయికి కోడ్ రాయడం నేర్పింది సొంత బాబాయే. వెబ్‌సైట్లు కట్టుకోవడానికి ఆయన ఒంటిచేత్తో ఒక ఫ్రేమ్‌వర్క్ రాసి, ఎవరైనా ఊరికే వాడుకోండి, మార్చుకోండి అని లోకానికి వదిలేశాడు. ఆమె పనిచేసే ఆసుపత్రి సైటు నడిచేది దాని మీదే.

చిక్కల్లా ఒక్కటే. రోగి వివరాలు నింపుతూ మధ్యలో కాసేపు ఆగితే రాసిందంతా మాయం. చేతులు వణికే ముసలివాళ్లు మళ్లీ మొదటికి రావాలి. ఆమె సవరణ రాసి పంపితే బాబాయి తిప్పికొట్టాడు. పోనీలే అని పైనుంచి ఒక ప్లగిన్ అతికించింది. ఆయన కొత్త వెర్షన్ వదిలినప్పుడల్లా అది ఊడేది. ఈయనగారి పంతం తగలెయ్య, తిట్లు తినేది మాత్రం ఈ పిల్ల!

"ఎన్నాళ్లమ్మా ఈ అతుకుల తంటా? ఫోర్క్ చేసేద్దాం," అన్నాడు మేనేజరు. ఫోర్క్ అంటే కోడంతా నకలు తీసుకుని వేరు కాపురం పెట్టడమే. ఇక బాబాయి దారి ఆయనది, వీళ్ల దారి వీళ్లది. ఆ ఫ్రేమ్‌వర్క్‌ని ఇంకా వాడుతున్న పెద్ద సంస్థ ఇదొక్కటే.

ఆమె ఫోన్ చేసింది.

"బాబాయ్, ఆ ఒక్క సవరణా తీసుకో. లేకపోతే మేం విడిపోవాల్సి వస్తుంది."

"అంటే నేను కట్టినదాంట్లో వంకలు కనిపిస్తున్నాయన్నమాట."

"వంకలని కాదు బాబాయ్..."

"నీ ఇష్టం బుజ్జీ. పెద్దదానివైపోయావుగా." పెట్టేశాడు.

ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. కోపమూ రాలేదు. మొద్దుబారిపోయి కూర్చుని, చల్లారిన కాఫీ తాగి, ఫోర్క్ నొక్కింది. కొత్త పేరు అడిగితే ఏదో ఒకటి పెట్టింది. లైసెన్సులో బాబాయి పేరు అలాగే ఉంచింది, ఊరికే వాడుకోనిచ్చినందుకు అదొక్కటే షరతు కనుక. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది.

వారం తిరక్కుండా కొత్త కోడ్ పేజీలో మొదటి ఫిర్యాదు వచ్చింది. రాసింది బాబాయే. ఆమె సవరణను వరసవరసా చదివి, నడిపి చూశాడు.

"నిర్వాహకులకు నమస్కారం. సగం నింపిన వివరాలు రోగి వెళ్లిపోయాక కూడా చెరగడం లేదు. అదే కంప్యూటర్ ముందు తర్వాత కూర్చున్నవారికి ముందువారి జబ్బు కనిపిస్తోంది. మీరు దయచేసి పరిశీలించగలరు."

బుజ్జీ లేదు. మీరు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తనను ఆ మాటతో పిలవగా వినలేదు. అప్పుడు తెలిసింది నొప్పి.

"బాబాయ్" అని టైపు చేసింది. ఊరందరూ చదివే పేజీ అది. చెరిపేసింది.

"ధన్యవాదాలండీ. సరిచేస్తాం," అని రాసి పంపింది.